గిన్నె మీద పేరు

ప్రశ్న: నా వయసు 43. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో 16 ఏళ్లు పాఠాలు చెప్పి, ఈ జూన్‌లో మానేశాను. మానేసిన నాలుగో రోజున కళాశాల ఇచ్చిన ఈమెయిలు ఆగిపోయింది. నా పరిశోధన పత్రాలన్నిటి మీదా ఆ చిరునామాయే అచ్చయి ఉంది. ఒక పాత విద్యార్థిని విదేశంలో పై చదువుకు దరఖాస్తు చేస్తూ సిఫారసు లేఖ కోసం నా పేరు ఇచ్చిందట. లేఖ పంపడానికి విశ్వవిద్యాలయం ఇచ్చే లింకు కూడా పాత చిరునామాకే వెళ్లిందని వేరొకరి ద్వారా తెలిసింది. గడువు డిసెంబరు 15. ఎలా చెప్పాలో తెలియక ఆ అమ్మాయికి ఇంకా ఫోన్ చేయలేదు. మా అమ్మాయి "నీ పేరుతో ఒక డొమైన్ తీసుకో అమ్మా" అంటోంది. "మనమేమైనా సినిమా తారలమా, మంత్రులమా?" అంటారు మావారు. పెళ్లికి ముందు వచ్చిన పత్రాల మీద పుట్టింటి పేరు ఉంది, తర్వాతి వాటి మీద అత్తింటి పేరు ఉంది. ఏ పేరుతో తీసుకోవాలి? నా పేరు మీద డాట్ కామ్‌ను ఎవరో ముందే తీసుకుని లక్షన్నరకు అమ్మకానికి పెట్టారు. కొనాలా? అసలు నాలాంటి వాళ్లకు ఇదంతా అవసరమా?
— పేరు ప్రచురించవద్దు, గుంటూరు

సమాధానం: మీవారి మాటతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది అదే అనిపించింది. అమ్మా, ఒకసారి మీ వంటింట్లోకి వెళ్లి ఏదైనా పాత స్టీలు గిన్నెను చేతిలోకి తీసుకోండి. అంచు కింద సన్నటి చుక్కలతో చెక్కిన పేరు కనిపిస్తుంది. మా ఇంట్లో అమ్మ గిన్నెలన్నిటి మీదా ఉంది. చిన్నప్పుడు ఆమె వెంట స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్తే, గిన్నె కొన్న వెంటనే ఇంటికి వచ్చేవాళ్లం కాదు. దుకాణం మూలన ఒకాయన కలంలా పట్టుకునే చిన్న మిషనుతో కూర్చుని ఉండేవాడు. కాగితం ముక్క మీద పేరు రాసిస్తే, గిన్నెను ఒళ్లో పెట్టుకుని జుయ్యిమంటూ చెక్కేవాడు. చివరి అక్షరం పడేదాకా అమ్మ వంగి చూస్తూనే ఉండేది. ఒకసారి "ణ" బదులు "న" చెక్కాడు. ఆ గిన్నె ఇప్పటికీ ఉంది, ఆ తప్పూ ఉంది.

అమ్మ సినిమా తార కాదు. ఆ పేరు గొప్ప కోసం వేయించుకోలేదు. పక్కింట్లో పెళ్లికో, ఎదురింట్లో వ్రతానికో వెళ్లిన గిన్నె పదిళ్ల సామానులో కలిసిపోయినా, తోమినవాళ్లు పేరు చూసి మళ్లీ మన ఇంటికి చేర్చాలి. పేరు చేసే పని అదే. సొంత పేరుతో డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ వెబ్ పేజీకీ ఈమెయిలుకూ మీ పేరే చిరునామాగా ఉండడం, కూడా ఆ పనికే. ప్రపంచం మీద పడి ఎక్కడెక్కడో తిరుగుతున్న మీ పత్రాలు, మీ గురించి వెతికేవాళ్లు, మీకు రావలసిన ఉత్తరాలు దారి తప్పకుండా మీ గడపకు రావాలి. మంత్రులకు కార్యాలయాలున్నాయి, తారలకు మేనేజర్లున్నారు. వాళ్లను వెతికి పట్టుకోవడం ఎవరికీ కష్టం కాదు. ఈ అవసరం నిజంగా ఉన్నది మీలాంటి వాళ్లకే.

16 ఏళ్లపాటు మీరు ఉత్తరాలు అందుకున్నది కళాశాల వాళ్ల గిన్నెలో. అది వాళ్లది కాబట్టి తీసేసుకున్నారు. నియమం ప్రకారం తప్పు పట్టలేం. కానీ అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఒక ఆరు నెలలు ఉత్తరాలు దారి మళ్లించడం ఏ సంస్థకూ కష్టం కాదు. నాలుగు రోజుల్లో తలుపు వేయడం నాకు బాధ కలిగించింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ పత్రాల మీద, మీ విద్యార్థులకు ఇచ్చే కాగితాల మీద ఏ చిరునామా వేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

ఉచిత మెయిలు సరిపోదా అని మీవారు అడుగుతారు. రోజువారీ అవసరాలకు సరిపోతుంది, అది రేపే మూతపడుతుందని నేను భయపెట్టను. అయితే మన తరం చూసిందేమిటి? 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్క్ మూతపడింది. 2020 డిసెంబరు 15న యాహూ గ్రూపులు ముగిశాయి. సాహిత్యం గురించీ, ఊరి సంగతుల గురించీ ఏళ్ల తరబడి తెలుగులో రాసుకున్నవాళ్లు ఆ గ్రూపుల్లో ఎంతమందో. మూసేవాడు మూస్తాడు, మనకు ఒక తేదీ మాత్రం చెబుతాడు. ఉచిత మెయిలు చిరునామాలో చివరి సగం ఎప్పుడూ ఆ సంస్థ పేరే. అక్కడి నుంచి మారాలంటే చిరునామా వదిలేసి రావాలి. సొంత డొమైన్‌లో ఆ సగం మీది. మెయిలు నడిపే సంస్థ నచ్చకపోతే సంస్థను మారుస్తారు, చిరునామా మారదు.

ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగిలినదంతా తేలిక. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే కదా. ఎప్పుడో ఒక తాత ఆ ఊరు వదిలి కృష్ణ దాటి వచ్చాడు, ఆయన మనవలు హైదరాబాదు వెళ్లారు, వాళ్ల పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు. పేరు మాత్రం వెంట వచ్చింది. డొమైన్ కూడా అలా వెంట వచ్చే పేరే. లోపల కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవని, పేరు చెబితే అంకె వెతికిపెట్టే ఏర్పాటును 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించాడు. డొమైన్ నేమ్ సిస్టమ్ అంటే అదే. వెనక ఉన్న కంప్యూటర్ మారినా, దేశం మారినా, పేరు పక్కన అంకె మార్చి రాసుకుంటే చాలు. ఉత్తరాలకు ఎంఎక్స్ రికార్డు అని విడిగా ఒక గడి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు పోస్టుమాన్‌కు చెప్పి వచ్చినట్టు, ఇక మీదట ఉత్తరాలు ఎక్కడ వేయాలో ఆ గడిలో రాస్తారు. అంటే పేరు, ఉత్తరాల పెట్టె, వెబ్ పేజీ మూడూ వేర్వేరు వస్తువులు. మూడింటినీ కలిపి అమ్మే దుకాణాలు ఈ మాట చెప్పవు. మీకు వెంటనే కావలసినవి మొదటి రెండే.

డొమైన్ కొనాలా అని మీరు అడిగారు, అందరూ అలాగే అంటారు. నిజానికి కొనడం కుదరదు. ఇది పట్టా భూమి కాదు, కౌలు. ఒకసారికి ఒక ఏడాది నుంచి పదేళ్ల దాకా కౌలుకు ఇస్తారు. గడువులోగా కడుతూ ఉంటే మిమ్మల్ని కదిపేవారు ఉండరు, మానేస్తే ఇంకొకరికి పోతుంది. డాట్ ఇన్ పేర్లకు మన దేశంలో 2003లో ఏర్పడిన నిక్సి సంస్థది పైచేయి. డాట్ కామ్‌ను అమెరికాలోని వెరిసైన్ చూస్తుంది. మనం నేరుగా వీళ్ల దగ్గరికి వెళ్లం, మధ్యలో రిజిస్ట్రార్ అనే దుకాణదారు ఉంటాడు. ఆ దుకాణదారు నచ్చకపోతే పేరును మరో దుకాణానికి మార్చుకునే హక్కు మీకుంది. బదిలీకి ఒక రహస్య కోడ్ ఇస్తారు. అది అడిగితే సాగదీసే దుకాణానికి మొదటే వెళ్లకండి.

ఖర్చు డాట్ ఇన్‌కైనా డాట్ కామ్‌కైనా ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయలకు కొంచెం అటూ ఇటూ. మొదటి ఏడాది 99 రూపాయలంటూ రాసిన ధర చూసి మురిసిపోవద్దు. రెండో ఏడాది ఎంతో అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే అసలు ధర. ఉత్తరాల పెట్టెకు వేరే కట్టాలి. మొదట్లో అదీ వద్దనుకుంటే, కొత్త చిరునామాకు వచ్చినవి మీ పాత ఉచిత మెయిలుకు మళ్లించే సౌకర్యం చాలామంది రిజిస్ట్రార్లు ఇస్తారు. అయితే మళ్లింపుతో ఉత్తరాలు రావడమే ఉంటుంది. ఆ పేరుతో జవాబు పంపాలంటే నిజమైన పెట్టె కావాలి. పంపేటప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు రికార్డులు పెట్టించుకోండి. అవి లేకపోతే మీ ఉత్తరం మీరే రాశారని అవతలి యంత్రం నమ్మదు, తీసుకెళ్లి చెత్తబుట్టలో వేస్తుంది.

ఇక ఏ పేరు అన్న ప్రశ్న. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే.

మన దగ్గర ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒక్క అక్షరంగా కుదించుకుంటాం, మనిషిని పిలిచేది అసలు పేరుతో. విదేశీ పరిశోధన పత్రికల్లో ఆ వరుస తిరగబడుతుంది. ఇంటిపేరు చివరికి వెళ్లి, ఆ ఇంటిపేరుతోనే మనిషిని ప్రస్తావిస్తారు, అసలు పేరు ఒక అక్షరం అయిపోతుంది. మగవాళ్లకు దీనివల్ల చిన్న చిరాకు. పెళ్లితో ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు మాత్రం నిజమైన నష్టం. 2005 నాటి పత్రం రాసిన మనిషీ, 2015 నాటి పత్రం రాసిన మనిషీ ఒకరేనని చదివేవాళ్లకు తెలిసే దారే ఉండదు. మీ సగం పని ఒకరి ఖాతాలో, మిగతా సగం ఇంకొకరి ఖాతాలో పడి ఉంటుంది, ఆ ఇద్దరూ మీరే. దీనికి డొమైన్ కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. 2012 నుంచి ఆర్కిడ్ అనే ఏర్పాటు నడుస్తోంది. పరిశోధకులకు ఉచితంగా 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. అందులో మీ పేర్లన్నీ చేర్చుకోవచ్చు, రెండు ఇంటిపేర్ల పత్రాలూ ఒకే చోటికి తెచ్చుకోవచ్చు. అరగంట పని. చాలామంది అధ్యాపకులు కళాశాల మెయిలుతో తెరిచి మరిచిపోతారు. మీకు ఇప్పటికే ఉంటే, లోపలికి వెళ్లి చిరునామా మార్చండి.

తర్వాత డొమైన్ పేరు. మళ్లీ మా అమ్మ గిన్నెల దగ్గరికే వస్తాను. సారెలో వచ్చిన గిన్నెల మీద తాతగారి ఇంటిపేరు అక్షరం ఉంది. తర్వాత కొన్నవాటి మీద నాన్న ఇంటిపేరు అక్షరం. ఆమె పాతవి చెరిపించలేదు, చెరపడం కుదరదు కూడా. ఒకే అలమరలో 50 ఏళ్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండు రకాల గిన్నెల మీదా మారనిది ఆమె పేరు. మీకు నా సలహా అదే. ఇంటిపేర్లు రెండూ పక్కన పెట్టి, మీ పేరునే తీసుకోండి. మీ సంతకం చూశాను, మీది రెండు మాటల పేరు. రెండూ కలిపి రాస్తే ఖాళీగా దొరికే అవకాశం బాగానే ఉంది. దొరకకపోతే ముందు పుట్టింటి అక్షరం చేర్చండి. అత్తింటిది వద్దని కాదు. మీ పదో తరగతి సర్టిఫికెట్ మీద, డిగ్రీల మీద, మొదటి పత్రం మీద ఉన్నది అది, ఎవరూ మార్చలేనిదీ అదే. మీవారు నొచ్చుకుంటే ఈ కారణం చెప్పండి. పేజీ లోపల రెండు ఇంటిపేర్లూ పూర్తిగా రాయండి, దేనితో వెతికినవాళ్లయినా అక్కడికే చేరతారు.

స్పెల్లింగు దగ్గర మాత్రం తొందరపడకండి. తెలుగు పేరు ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లగానే నాలుగు రూపాలెత్తుతుంది. లక్ష్మిలో క్షకారానికి కె, ఎస్, హెచ్ మూడూ రాసేవారున్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవారున్నారు. సౌజన్యలో కొందరికి యు ఉంటుంది, కొందరికి డబ్ల్యు. తకారానికి ఒక ఇంట్లో టి, పక్కింట్లో టి హెచ్. బడిలో చేర్చిన రోజున మాస్టారు ఏది రాస్తే అదే జీవితాంతం ఉండిపోయింది చాలామందికి. మీ పత్రాల మీద ఏ స్పెల్లింగు ఉందో అదే తీసుకోండి, ఇప్పుడు అందంగా ఉందని కొత్తది వద్దు. పుట్టిన సంవత్సరం అంకెలు, మధ్యలో అడ్డగీతలు వద్దే వద్దు. నిర్ణయించుకున్నాక, కొనకముందే, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఫోన్‌లో చెప్పి కాగితం మీద రాయించండి. వాళ్లు మొదటిసారే తప్పు లేకుండా రాస్తే ఆ పేరు నిలుస్తుంది. రెండు స్పెల్లింగులకు సమానంగా అవకాశం ఉందనిపిస్తే రెండోది కూడా తీసుకుని మొదటిదానికి కలపండి. అంతకు మించి పోగు చేయవద్దు, ప్రతి ఏడాదీ ప్రతిదానికీ కట్టాలి.

లక్షన్నర విషయం. ఇవ్వకండి. బేరం కూడా ఆడకండి. మీరు ఒకసారి ఆసక్తి చూపితే ధర తగ్గదు, పెరుగుతుంది. కోర్టుకు వెళ్లవచ్చా అని మీరు అడగలేదు గానీ, మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెబుతున్నాను. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లాంటి రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత పేరు విషయంలో అరుణ్ జైట్లీ కేసు ఉంది. తన పేరుతో ఉన్న డాట్ కామ్ వేరేవాళ్ల చేతిలో ఉందని ఆయన దావా వేస్తే, 2011 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కానీ ఆ తీర్పుకు ఆధారం ఆయన పేరుకున్న ప్రసిద్ధి. అంతర్జాతీయంగా 1999 నుంచి అమల్లో ఉన్న వివాద పరిష్కార విధానంలోనూ అదే లెక్క. 2000లో నటి జూలియా రాబర్ట్స్ తన పేరును తిరిగి గెలుచుకుంది. అదే ఏడాది గాయకుడు స్టింగ్ ఓడిపోయాడు, ఆ మాట ఇంగ్లిషులో మామూలు మాట, ఆయన ఒక్కడిదే కాదన్నారు. పైగా ఆ ఫిర్యాదుకు ఫీజే 1500 డాలర్లు. మీరు గెలిచే కేసు కాదు, ఖర్చుకు తగ్గ కేసూ కాదు.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. మీ పేరు మీ ఒక్కరిదే కాదు. ఉజీ నిస్సాన్ అనే ఆయన అమెరికాలోని నార్త్ కరోలినాలో కంప్యూటర్ల వ్యాపారం చేసేవాడు. నిస్సాన్ ఆయన ఇంటిపేరు. 1994లో దానితో డాట్ కామ్ తీసుకున్నాడు. 1999లో అదే పేరున్న కార్ల కంపెనీ ఆయన మీద కోటి డాలర్ల దావా వేసింది. ఏళ్ల తరబడి పోరాడాడు. కార్ల ప్రకటనలు పెట్టకూడదని ఆంక్షలు వచ్చినా, పేరు మాత్రం 2020లో ఆయన చనిపోయేదాకా ఆయన దగ్గరే ఉంది. ఎవరి ఇంటిపేరు వాళ్లకు ముద్దు, ముందు వచ్చినవాళ్లకు చోటు. మీ పేరుతో డాట్ కామ్ పెట్టుకున్నది మీ పేరే గల మరో మనిషి అయితే, ఆమె మీద మనకు కోపం ఉండకూడదు.

డాట్ ఇన్ తీసుకోండి. 2005 నుంచి అందరికీ తెరిచి ఉంది, మీరు ఇక్కడి మనిషి, అది ఇక్కడి గుర్తు. చుక్క తర్వాతి మాట మీ ఊరు లాంటిది. ఊరు ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. ఫ్యాషన్ అని దూరదేశాల కోడ్‌లు తీసుకున్నవాళ్లు, ఉచితమని టోకెలావ్ దీవుల డాట్ టీకే తీసుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడ్డారు. ఆ ఉచిత పేర్లు పంచిన సంస్థ 2024లో ఆ వ్యాపారమే మానుకుంది. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికి రావడంతో బ్రిటన్ నివాసులు చాలామంది డాట్ ఈయూ పేర్లు పోగొట్టుకున్నారు. యుగోస్లావియా దేశమే లేకుండా పోయాక డాట్ వైయూ 2010లో తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ కూడా ఉందని మీకు తెలుసా? పూర్తిగా మన లిపిలోనే పేరు, చుక్క, భారత్. చూస్తే కడుపు నిండుతుంది. వెబ్ పేజీకి తప్పకుండా తీసుకోమంటాను. ఈమెయిలుకు మాత్రం ఇప్పుడే దాని మీద ఆధారపడకండి. తెలుగు లిపి చిరునామాను ఒప్పుకోని దరఖాస్తు ఫారాలు ఇంకా చాలా ఉన్నాయి, మీకు ఇప్పటికే ఒక దరఖాస్తుతో తిప్పలు వచ్చాయి.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయికి కూడా ఇది తెలియాలి. చాలా ఏళ్ల కిందట నా పేరుతో డొమైన్ తీయించుకున్నాను. తీయించుకున్నాను అన్న మాటలోనే తప్పుంది. వెబ్‌సైట్లు చేసే ఒక కుర్రాడికి చెప్పాను, ఏడాదికోసారి డబ్బు చేతికిచ్చాను, అతను కట్టాడు. ఐదేళ్లు బాగానే నడిచింది. అతని దగ్గర మోసం లేదు, నా దగ్గర శ్రద్ధ లేదు. అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మార్చాడు. ఒక ఉదయం ఒక పాఠకుడు ఫోన్ చేసి, మీ పేజీ తెరిస్తే ఏవో వస్తున్నాయండీ అన్నాడు. నా పేరు టైపు చేశాను. పేకాట, పందాల ప్రకటనలు. పైన చిరునామా గడిలో నా పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండా. రిజిస్ట్రార్‌కు రాస్తే, ఆ ఖాతా మీది కాదు, మీతో మాట్లాడలేం అని జవాబు వచ్చింది. వాళ్లన్నది నిజమే, ఏ కాగితం మీదా నేను లేను. ఆ రోజు కంప్యూటర్ ముందు నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. ఆ పేరు నాకు మళ్లీ దొరకలేదు.

అందుకని ఖాతా మీరే తెరవాలి. మీ అమ్మాయి పక్కన కూర్చుని చూపించవచ్చు, టైపు కూడా చేయవచ్చు. హక్కుదారు గడిలో మాత్రం మీ పేరు, మీ ఫోన్, మీ ఈమెయిలు ఉండాలి. ఆ ఈమెయిలు కొత్త డొమైన్‌ది కాకూడదు, మీ పాత ఉచిత మెయిలు ఇవ్వండి. లేకపోతే డొమైన్ ఆగిన రోజున దాన్ని తిరిగి తెరిచే తాళంచెవి లోపలే ఉండిపోతుంది. రిజిస్టర్ చేశాక, మీ ఈమెయిలు సరైనదేనా అని నిర్ధారించుకునే లింకు వస్తుంది. డాట్ కామ్ లాంటి వాటికైతే 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే పేరు ఆపేస్తారు. ఇంటి చిరునామా అందరికీ కనిపిస్తుందేమోనని ఆడవాళ్లకు భయం ఉండడం సహజం. ఐరోపా గోప్యతా చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాక ఈ వివరాలను చాలావరకు బయటికి చూపించడం లేదు. భయంతో తప్పుడు వివరాలు ఇవ్వకండి, రేపు తగువు వస్తే ఆ పేరు మీదేనని చూపించే కాగితం అదే.

కౌలు ఒకేసారి ఐదేళ్లకు కట్టేయండి, దానంతటదే మళ్లీ కట్టుకునే ఏర్పాటు కూడా పెట్టండి, కార్డు గడువు తీరితే ఆ ఏర్పాటు పనిచేయదని గుర్తుంచుకోండి. గడువు దాటినా వెంటనే పోదు. డాట్ కామ్ లాంటి వాటికి రిజిస్ట్రార్‌ను బట్టి కొన్ని వారాల వెసులుబాటు, తర్వాత పెద్ద జరిమానాతో విడిపించుకునే 30 రోజులు, ఆపైన 5 రోజులు, ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. మీరు కట్టవలసింది ఒక్క మీ రిజిస్ట్రార్‌కే. వేరే పేర్లతో, వెంటనే కట్టకపోతే పేరు పోతుందని బెదిరించే ఉత్తరాలు మొదటి నెలలోనే వస్తాయి. అవి మోసం, చింపేయండి.

దీని బరువు కూడా చెప్పకుండా దాస్తే మీకు అన్యాయం చేసినవాడిని అవుతాను. ఒకసారి ఆ చిరునామాతో ఉత్తరాలు మొదలుపెడితే మధ్యలో వదలకూడదు. వదిలేసిన పేరును ఇంకొకరు తీసుకుంటే మీకు రావలసిన ఉత్తరాలు వాళ్లకు వెళ్తాయి. ఆ చిరునామాతో తెరిచిన ఖాతాల పాస్‌వర్డులు మార్చుకోవడం కూడా వాళ్లకు సాధ్యమవుతుంది. అందుకే బ్యాంకును ఇప్పుడే అటు మార్చకండి, ఒక ఏడాది నడిపి, మీకు చేయి తిరిగాక చూడండి. ఇన్సూరెన్సు బాండ్లు పెట్టే ఫైలులో ఒక కాగితం పెట్టి, రిజిస్ట్రార్ పేరు, ఖాతా ఈమెయిలు, గడువు తేదీ రాయండి. ఆ ఫైలు ఎక్కడుందో మీ అమ్మాయికి తెలియాలి.

పేజీలో ఏం పెట్టాలని మీరు కంగారు పడవద్దు. మీ పేరు ఇంగ్లిషులోనూ తెలుగులోనూ, రెండు ఇంటిపేర్లు, పత్రాల జాబితా, కొత్త ఈమెయిలు. ఒక్క పేజీ. ఫోటో మీ ఇష్టం, ఫోన్ నంబరు వద్దు.

పాత పత్రాల మీద అచ్చయిన చిరునామాను మార్చలేం. అయితే మీతో కలిసి రాసినవాళ్లకు, ఆ పత్రికల సంపాదకులకు కొత్తది తెలియజేయవచ్చు. మీ పాత కళాశాలలో ఇంకా స్నేహంగా ఉన్న సహోద్యోగికి చెప్పి, విభాగానికి మీ కోసం వచ్చినవాళ్లకు కొత్త చిరునామా ఇమ్మని అడగండి. సిఫారసు లేఖల విషయంలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఉద్యోగ సంస్థ చిరునామానే కోరతాయి. మీ సొంత డొమైన్ ఉన్నా అక్కడ వివరణ రాయవలసి రావచ్చు. ఫలానా తేదీ దాకా ఆ కళాశాలలో పనిచేశాను, ఈ విద్యార్థినికి ఫలానా సంవత్సరాల్లో పాఠం చెప్పాను అని రెండు వాక్యాలు చాలు.

దరఖాస్తులో సిఫారసు చేసేవారి ఈమెయిలు మార్చి లింకు మళ్లీ పంపించే వీలు చాలా చోట్ల దరఖాస్తుదారుకే ఉంటుంది. లేకపోతే ప్రవేశాల కార్యాలయానికి ఆ అమ్మాయే రాయాలి. లింకు మీకు అందలేదని మీరు చెప్పకపోతే ఆమెకు తెలియదు. మీరు లేఖ పంపుతారనే అనుకుంటూ ఉంటుంది. డొమైన్ సంగతి ఆదివారం మీ అమ్మాయితో కూర్చుని చూసుకోవచ్చు. ఆ విద్యార్థినికి ఈ రోజే ఫోన్ చేయండి. ఇప్పటికి మీ ఉచిత మెయిలే ఇవ్వండి, స్పెల్లింగు ఒక్కో అక్షరం చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకోండి.